తూర్పు తీరమున ఒక అర్ధరాత్రి

నెల్లూరు సీమలో సముద్రముతో సంబంధము లేని కుటుంబములు అరుదు. పులికాటు మొదలు దుగరాజపట్నము, కృష్ణపట్నము, మైపాడు, ఇసకపల్లి దాక ఇసుకతిన్నెల వెంట పట్టపుపాలెములు వరుసగా కలవు. ఆ పాలెములవారికి కడలియే పొలము, వలయే నాగలి. అట్టి కడలిలో మన తీరమునకు ఎదుటగా 1971వ సంవత్సరము నవంబరు నెలలో ఒక శత్రు జలాంతర్గామి ఉత్తరముగా సాగిపోయినదన్న సంగతి నేటి యువకులలో కొలదిమందికే తెలియును. డిసెంబరు 4వ తేదీన మనము జరుపుకొను నౌకాదళ దినోత్సవ సందర్భమున ఆ వృత్తాంతమును స్మరించుట ఉచితము.

ఆ జలాంతర్గామి పేరు ఘాజీ. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికాలో నిర్మింపబడి, పిమ్మట పాకిస్తాను నౌకాదళమున చేరినది. 1971 నవంబరు 14న కరాచీ రేవును విడిచి, సింహళమును చుట్టి బంగాళాఖాతమున ప్రవేశించినది. మన ఏకైక విమానవాహక నౌకయగు విక్రాంత్‌ను ముంచివేయుటయే దాని ముఖ్యోద్దేశము. విక్రాంత్ బాయిలరులలో ఒకటి బీటలు వారియుండుటచే ఆ నౌక పూర్తి వేగముతో పోజాలకుండెను. దానిని కాపాడుట తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్ గారికి పెద్ద సమస్య యైనది.

కృష్ణన్ గారు బలముకంటె ముందుగా బుద్ధిని ప్రయోగించిరి. విక్రాంత్‌ను రహస్యముగా అండమాను దీవులకు పంపిరి. విశాఖపట్నమువద్ద రాజపుత్ అను పాత డిస్ట్రాయరు నౌకచే విక్రాంత్ పంపుచున్నట్లే తంతిలేని వార్తలను పంపించిరి. విశాఖలో పెద్ద నౌకకు చాలినంత ఆహారసామగ్రిని బాహాటముగా కొనుటకు ఏర్పాటు చేసిరి. ఈ మాయ ఫలించినది. చెన్నపట్నపు జలములలో విక్రాంత్‌ను గానక, ఘాజీ విశాఖవైపు మరలినది. ఆ దారి మన నెల్లూరు తీరమునకు ఎదుటి కడలిలోనిదే.

డిసెంబరు 3వ తేదీ సాయంకాలమున పశ్చిమ భారతములోని మన విమానక్షేత్రములపై పాకిస్తాను దాడి చేయగా యుద్ధము ఆరంభమైనది. దేశమెల్ల దీపములు ఆర్పి చీకటిలో నుండెను. ఆ అర్ధరాత్రి ప్రధాని ఇందిరా గాంధీ రేడియోలో జాతి నుద్దేశించి ప్రసంగించిరి. రేడియో గల ప్రతి ఇంట పెద్దలు పెట్టె చుట్టు చేరి, ఊపిరి బిగబట్టి ఆలకించిరి. ఇంచుమించు ఆ వేళనే విశాఖ రేవు వెలుపల సముద్రగర్భమున పెద్ద ప్రేలుడు సంభవించినది. నగరమున కిటికీల అద్దములు గడగడలాడినవి. ఘాజీ అందలి తొంబదిమందికి పైగా నావికులతో మునిగిపోయినది.

రాజపుత్ విడిచిన డెప్త్ చార్జీలే దీనికి కారణమని మన నౌకాదళము ప్రకటించినది. అందలి మైనులే ప్రమాదవశమున ప్రేలినవని పాకిస్తాను వాదము. కారణమేదైనను ఫలితము ఒక్కటే. బంగాళాఖాతమున విక్రాంత్‌కు అడ్డు తొలగినది. డిసెంబరు 4వ తేదీననే దాని విమానములు కాక్స్‌బజారుపై దాడి చేసినవి. అదే రాత్రి పశ్చిమమున మన క్షిపణి నౌకలు కరాచీని దెబ్బతీసినవి. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాను సేన లొంగిపోయినది.

విజయమునకు మూల్యము లేకపోలేదు. డిసెంబరు 9న దియూ సమీపమున మన ఖుక్రీ నౌక మునిగి, 18 మంది అధికారులు, 176 మంది నావికులు ప్రాణములర్పించిరి. కెప్టెన్ మహేంద్రనాథ ముల్లా తన నౌకను విడువక దానితోపాటు మునిగిరి.

ఈ కథలో సమవస్త్రము ధరింపని వీరులును కలరు. తెల్లవారిన పిమ్మట నీటిపై తేలుచున్న నూనెతెట్టును, కొన్ని వస్తువులను కనుగొని నౌకాదళమునకు తెలిపినవారు జాలరులే. అటుపిమ్మట గజ ఈతగాండ్రు సముద్రగర్భమున దిగి జలాంతర్గామిని నిర్ధారించిరి. తీరవాసి కన్ను దేశమునకు కాపలాకన్ను అనుటకు ఇంతకంటె నిదర్శనము వలయునా?

విశాఖ సాగరతీరమున 1996లో నెలకొల్పిన విజయస్మారకము చెంత నౌకాదళ దినోత్సవమున పుష్పగుచ్ఛముల నుంచి నివాళి యర్పింతురు. అది తగిన ఆచారమే. కాని 1971లో ఇరువదియేండ్ల ప్రాయమున నున్న సైనికుడు నేడు డెబ్బదియేండ్లు దాటిన వృద్ధుడు. అట్టివారు మన పల్లెలలోను ఉండవచ్చును. వారి జ్ఞాపకములు శిలలపై చెక్కియుండలేదు. అడిగి విన్నవారికే దక్కును. నేడే ఆ పెద్దాయన అరుగుపై కూర్చుండి, "తాతా, ఆనాడు ఏమి జరిగినది?" అని మీ బిడ్డలచే అడిగింపుడు. పూలమాలకంటె ఆ ప్రశ్నయే ఆయనకు మిన్న.

ఇంకొక్క మాట. 2024లో మన నౌకాదళము ఆధునిక పరికరములతో ఘాజీ శిథిలమును మరల గుర్తించినది. అయినను అందు మరణించినవారి యెడ గౌరవముతో దానిని తాకక విడిచినది. శత్రువైనను కర్తవ్యమున ప్రాణము విడిచినవాడు గౌరవార్హుడని తలచుటయే వీరధర్మము. ఆ ధర్మమును నిలుపుకొనినప్పుడే మన విజయోత్సవమునకు శోభ.