మురానో గాజు దీపములు

కప్పునుండి వ్రేలాడు గాజు షాండ్లియరును చూచువారు దాని కాంతినే చూతురు. దానివెనుకనున్న బట్టీని తలపరు. 1291వ సంవత్సరమున వెనిస్ గణరాజ్యము, నగరమునకు అగ్నిభయము కలదని, గాజుబట్టీలను చేరువనున్న మురానో దీవికి తరలించెను. 18వ శతాబ్దమున జుసెప్పే బ్రియాతి మొదలగు పనివారు లోహపు చట్రమునకు గాజుకొమ్మలను, ఆకులను, పువ్వులను తొడిగి షాండ్లియర్లను నిర్మించిరి. ఒక కొమ్మ విరిగినచో దానిని మాత్రమే క్రొత్తగా చేసి అమర్చవచ్చును.

ఈ విడిభాగముల పద్ధతియే ఆ కళను ఆధునిక భవనములలోనికి కొనివచ్చినది. ఇటలీ ఐక్యతా శతాబ్ది సందర్భమున, 1961లో, ట్యూరిన్ ప్రదర్శనమునందలి వెనెటో మంటపమునకు వాస్తుశిల్పి కార్లో స్కార్పా దీపమును రూపొందించెను. అందు పువ్వులు లేవు, ఆకులు లేవు. అనేక ముఖములుగల రంగు గాజుతునకలే ఒకదానిప్రక్క నొకటి చేరి వెలుగుమేఘమైనవి. రూపము మారినది, తునకను ఊదిన ఊపిరి మాత్రము మురానోదే.

గాజుబట్టీ వంటపొయ్యి వంటిది కాదు, రేయింబవళ్ళు మండవలెను. 2021లో సహజవాయువు ధర విపరీతముగ పెరుగగా మురానోలో పలు బట్టీలను ఆర్పవలసివచ్చినది. బట్టీ చల్లారినచోట శిష్యుడు పని నేర్వజాలడు. యంత్రము చేసిన దీపము ఎప్పుడైనను దొరకును. గురువు చేతినుండి శిష్యుని చేతికి అందని పనితనము మరల దొరకదు. గృహమును అలంకరించువారు, భవనమును నిర్మించువారు దీపమును ఎన్నుకొనునపుడు ఈ సంగతి తలపవలెను.