మన మీద పొత్తు, మనతో పొత్తు



గుండుగొలను దగ్గర జాతీయ రహదారి మీద నిలబడితే మన జిల్లాకున్న రెండు ముఖాలూ గుర్తుకొస్తాయి. దక్షిణాన కొల్లేరు పల్లం. ఉత్తరాన ద్వారకాతిరుమల, జంగారెడ్డిగూడెం దాటి వెళ్తే బుట్టాయగూడెం మన్యం. మన్యంలో కోయలు, కొండరెడ్లు. మైదానంలో యానాదులు, ఎరుకలవారు. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడినప్పుడు కొండా, కొల్లేరూ ఒకే జిల్లా కిందికి వచ్చాయి.

యువతకు చేయూతనిచ్చే సంస్థలన్నీ కలిసి పనిచేయాలని సభల్లో తరచూ వింటుంటాం. మంచి మాటే. అయితే మన కోసం సంస్థలు కలవడం కొత్తేమీ కాదు. వందేళ్ళ కిందటే కలిశాయి. ఆ పొత్తు మన పెద్దలను ఏం చేసిందో తెలుసుకుంటే, నేటి పొత్తులను ఏ కంటితో చూడాలో మనకే తెలుస్తుంది.

మూడు సంస్థలు కలిసిన కథ

ఒకప్పుడు ఎరుకలవారు పశువుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తీరం నుంచి లోపలి ఊళ్ళకు తిరిగి అమ్మేవారు. రైళ్ళు, రోడ్లు, ఆంగ్లేయుల ఉప్పు విధానం కలిసి ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. బతుకుతెరువు పోయి ఊరూరా తిరిగేవారిని ప్రభుత్వం అనుమానంగా చూసింది. 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టం, 1911 నాటి కొత్త చట్టంతో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. పుట్టిన కులమే నేరమైపోయింది.

తరువాత బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు సర్ హెరాల్డ్ స్టూవర్ట్ పేరే దానికి పెట్టారు. చట్టం, అధికారం ప్రభుత్వానివి. నిర్వహణ సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థది. ఆ పైన చీరాలలోని పొగాకు కర్మాగారానికి సెటిల్‌మెంటు నుంచి కూలీలు దొరికారు.

కాగితం మీద చూస్తే ఇది చక్కని భాగస్వామ్యమే. ప్రభుత్వం, సేవాసంస్థ, కంపెనీ: ఎవరి పని వారు చేశారు. బడి ఉంది, పని ఉంది, వైద్యం ఉంది. లేనిదల్లా ఒకటే: మనవాళ్ళ ఇష్టం. హాజరు వేయించుకోవాలి. బయటికి వెళ్ళాలంటే అనుమతి చీటీ కావాలి. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. ఒక యువకుడు ఏ పని నేర్చుకోవాలో, ఎక్కడ ఉండాలో ముగ్గురు కూర్చుని నిర్ణయించారు. ఆ ముగ్గురిలో అతను లేడు.

కలుపుకుపోయినవారు

నెల్లూరులో వెన్నెలకంటి రాఘవయ్య వేరే దారి పట్టారు. యానాదులను సంఘంగా కూడగట్టి, నేరస్థ జాతుల చట్టం పోవాలని పోరాడారు. ఆ సేవకు 1973లో పద్మభూషణ్ అందుకున్నారు. ఆయన యానాది కాదు. అయినా యానాదులకు ఒక సంఘం ఉండాలని, వారి మాట వారి సంఘం నుంచే రావాలని నమ్మారు. ఆ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లోనూ, దేశమంతటా 1952 ఆగస్టు 31నా రద్దయింది. విముక్త జాతులు ఆగస్టు 31ని పండుగలా జరుపుకునేది అందుకే.

చట్టం పోయినా ముద్ర పోలేదు. 1970లలో విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన లవణం, హేమలత దంపతులు స్టూవర్టుపురంలో అడుగుపెట్టారు. హేమలత మహాకవి జాషువా కుమార్తె. వారు ముందు కుటుంబాలతో మాట్లాడారు. ఆ తరువాతే ప్రభుత్వం దగ్గరికీ, పోలీసుల దగ్గరికీ వెళ్ళారు. పిల్లల చదువు, పెద్దల బతుకుతెరువు రెండూ కలిపి చూశారు. ఊరు అదే. అప్పుడు కలిసినవీ ప్రభుత్వం, పోలీసు, స్వచ్ఛంద సంస్థలే. మారిందల్లా మాట ఎక్కడ మొదలైందన్నదే.

మన ఇంటి సంగతి

అయిదో పంచవర్ష ప్రణాళికలో గిరిజన ఉప ప్రణాళిక వచ్చింది. వేర్వేరు శాఖల పనిని ఒకే చోటికి తేవడానికి ఐటీడీఏలు పుట్టాయి. మనకు దగ్గరలోనిది బుట్టాయగూడెం మండలం కోట రామచంద్రపురంలో ఉంది. మన్యం పిల్లలకు అది అండ. కానీ కొల్లేరు ఒడ్డున ఉన్న యానాది కుర్రాడికి ఆ ఆఫీసు కొండల్లో ఉంది. నెల్లూరులో యానాదుల కోసమే ప్రత్యేకంగా ఒక ఐటీడీఏ పెట్టారంటే, మైదాన గిరిజనుల అవసరం వేరని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కదా!

ఇంటర్ అయిన పిల్లవాడి సంగతే చూడండి. కులధ్రువీకరణ పత్రం రెవెన్యూ శాఖ దగ్గర. శిక్షణ మరో సంస్థ దగ్గర. అప్పు బ్యాంకు దగ్గర. 2014లో మొదలైన దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన కూడా కేంద్రం, రాష్ట్ర సంస్థ, శిక్షణ సంస్థ కలిసి నడిపే పథకమే. ఈ కార్యాలయాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోతే, ఆ పిల్లవాడు ఒక్కో గుమ్మం ఎక్కి దిగుతూ చివరికి చేపల చెరువు కూలికి వెళ్ళిపోతాడు. సంస్థలు కలవకపోతే ఎంత నష్టమో, మనల్ని వదిలేసి కలిసినా అంతే నష్టం.

మూడు ప్రశ్నలు

ఎవరైనా మన యువత కోసం చేతులు కలిపామని వస్తే సంతోషంగా స్వాగతించండి. టీ ఇవ్వండి. ఆపైన ఈ మూడు అడగండి.

ఒకటి: ఏ పని ఎవరిది? పత్రం ఎవరు ఇప్పిస్తారు, శిక్షణ తరువాత ఉద్యోగం దాకా ఎవరు తోడుంటారు? అందరి బాధ్యత అంటే చివరికి ఎవరి బాధ్యతా కాదు.

రెండు: నిర్ణయం తీసుకునే చోట మన యువతీ యువకులు ఎందరు ఉంటారు? ఫోటోలో కాదు, సమావేశంలో.

మూడు: పని నచ్చకపోతే వద్దనే హక్కు ఉందా? స్టూవర్టుపురంలో నాడు లేనిది ఇదే.

ఈ ప్రశ్నలు అడగాలంటే మనకూ ఒక సంఘం, ఒక చిట్టా ఉండాలి. మీ పేటలో పదహారు నుంచి ముప్పై ఏళ్ళలోపు వారెందరు, వారిలో ఎవరికి పత్రం లేదు, ఎవరు చదువు మానేశారు, ఎవరు ఏ పని కోరుతున్నారు: ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి. నాడు మన పెద్దల పేర్లు పోలీసు రిజిస్టరులో ఇతరులు రాశారు. మన పేర్లు మనమే, మన కోసమే రాసుకుందాం. ఆ పుస్తకం చేతిలో పెట్టుకుని వెళ్తే, ఏ సంస్థైనా మన ఎదురుగా కాక పక్కన కూర్చుని మాట్లాడక తప్పదు.