అత్యవసర సేవలు – రక్షణ నియమముల సడలింపు: భద్రాచల మన్యప్రాంతము నుండి ఒక పరిశీలనము

1986 ఆగస్టులో భద్రాచలమువద్ద గోదావరి 75.6 అడుగులవరకు పెరిగినది. 2022 జూలై 16వ తేదీన మరల 71.3 అడుగులు తాకినది. నీటిమట్టము 43, 48, 53 అడుగులకు చేరినప్పుడు వరుసగా మూడు ప్రమాద హెచ్చరికలు వెలువరించుట ఇచ్చటి పరిపాటి. మూడవ హెచ్చరిక దాటిన పిమ్మట కరకట్ట చెంతనున్న కాలనీలను, ఏటి పొడవున గల మన్యపు గూడెములను ఖాళీ చేయించు భారము పోలీసులపైనను, అగ్నిమాపక సిబ్బందిపైనను, జాతీయ విపత్తు స్పందన దళముపైనను, 108 ఆంబులెన్సు ఉద్యోగులపైనను పడుచున్నది. ఇట్టి వేళ పనిగంటలను, విశ్రాంతిని, రక్షణ సాధనములను నిర్ణయించు నియమములు ఎంతవరకు సడలవచ్చును, సడలించు అధికారమెవరిది, ఆ సడలింపునకు గడువెంత అనునవే ఈ వ్యాసమునకు విషయములు.

ఈ విషయమున మన రాజకీయ చర్చ చాలకాలముగా దారితప్పి నడచుచున్నదని చెప్పక తప్పదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టములోని 5వ సెక్షను ప్రజా అత్యవసర పరిస్థితిలో, ఒక్కొక్క పర్యాయము మూడు నెలలకు మించకుండ, కర్మాగారములకు మినహాయింపు నిచ్చుటకు ప్రభుత్వములకు వీలు కల్పించినది. అత్యవసర మనగా యుద్ధముచేతగాని, విదేశీయుల దురాక్రమణముచేతగాని, అంతఃకల్లోలముచేతగాని దేశభద్రతకు ముప్పు వాటిల్లుట యని ఆ చట్టమే వివరించినది. కరోనా కాలమున, 2020 ఏప్రిల్‌లో, గుజరాతు ప్రభుత్వము ఈ సెక్షనునే ఆధారముగా గొని రోజునకు 9 గంటల పరిమితిని 12 గంటలకు, వారమునకు 48 గంటల పరిమితిని 72 గంటలకు పెంచి, అదనపు గంటలకు రెట్టింపు వేతనము చెల్లింపనక్కరలేదని ప్రకటించినది. ఆర్థిక మాంద్యము దేశభద్రతకు ముప్పు కాజాలదని సుప్రీంకోర్టు అదే సంవత్సరము అక్టోబరు 1న ఆ ప్రకటనలను కొట్టివేసినది. తీర్పునకు మూడు దినములకు ముందే, సెప్టెంబరు 28న, వృత్తిభద్రత, ఆరోగ్యము, పని పరిస్థితుల కోడ్‌కు రాష్ట్రపతి ఆమోదము లభించియుండెను. ఆ కోడ్ విపత్తును, మహమ్మారిని కూడ మినహాయింపునకు హేతువులుగా చేర్చి, మూడు నెలల గడువును ఒక సంవత్సరమునకు పొడిగించినది. న్యాయస్థానము మూయించిన తలుపునకు ప్రక్కనే పార్లమెంటు సభ్యులు మరింత వెడల్పయిన వాకిలి తెరచిరన్నమాట. ఆ కోడ్ 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది.

ఇంత వాదములోను కర్మాగారపు యజమాని పేరు వినబడినంతగా వరదలోనికి దిగువాని పేరు వినబడలేదు. అంతకన్న విచిత్రమైన సంగతి వేరొకటి కలదు: కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వముల కార్యాలయములకు ఈ కోడ్ వర్తింపదు, అచ్చట కాంట్రాక్టరు ద్వారా పనిచేయువారికి మాత్రము వర్తించును. వరదలో తేలుచున్న పడవ ప్రభుత్వ కార్యాలయమగునా కాదా యని న్యాయవాదులు తీరికగా తర్కించుకొనవచ్చును గాని, పడవలోనివానికి అంత తీరిక యుండదు. అడవిలోని బీటు సంగతియు నట్టిదే. 2022 నవంబరు 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలములో పోడు భూమిలోని మొక్కల తోటను కాపాడబోయిన అటవీ రేంజి అధికారి హతుడైనప్పుడు సహోద్యోగులు ఆయుధములు కోరిరి. ప్రభుత్వము కుటుంబమునకు 50 లక్షల రూపాయల పరిహారము ప్రకటించినది. పోడు తగవు తీరనిదే రక్షణ యెక్కడిదని మరికొందరనిరి. ఈ చివరి మాటలో సత్యమున్నది గాని, తగవు తీరువరకు ఒంటరిగా అడవికి పోవువాని రక్షణ యెవరి పూచీయో ఎవరును తేల్చలేదు.

ఐరోపా సమాజము 1989లో వెలువరించిన వృత్తిరక్షణ ఆదేశము సైన్యమునకు, పోలీసులకు, పౌరరక్షణ సేవలలోని కొన్ని ప్రత్యేక కార్యములకు మినహాయింపు నిచ్చుచునే, అట్టి సందర్భములలో సైతము సాధ్యమైనంతవరకు ఉద్యోగుల భద్రతను కాపాడవలెనని విధించినది. ఆదర్శము కొరకు అంత దూరము పోనక్కరలేదు. కొత్తగూడెము కేంద్రముగా గల సింగరేణి గనులలోనే అది యుండినది. 1952 నాటి గనుల చట్టము, 2025లో పై కోడ్ దాని స్థానమున అమలగువరకు, ప్రమాదము సంభవించినప్పుడో సంభవించునని తోచినప్పుడో, పనిగంటల పరిమితిని దాటి మనుష్యులను నియోగించుటకు మేనేజరుకు అనుమతి నిచ్చుచుండెను. అయితే ఆ పని గనియొక్కగాని, గనిలోనివారియొక్కగాని రక్షణకు అవసరమైనంత మేరకే యుండవలసియుండెను. అట్లు చేసిన ప్రతి సందర్భమును, దాని పరిస్థితులతో కూడ, గ్రంథస్థము చేసి గనుల తనిఖీ అధికారికి నివేదింపవలసియుండెను. సడలింపు ఉండెను, సడలించినవాని సంతకమును ఉండెను. 1985 నాటి గనుల రక్షణ నియమములు సహాయక దళమునకు శిక్షణను, అభ్యాసమును, వైద్యపరీక్షను విధించినవి.

2022 జూలై వరదలలో కుమ్రంభీం ఆసిఫాబాదు జిల్లా దహెగాం మండలమున పెద్దవాగులో చిక్కుకొన్నవారిని రక్షింపబోయి సింగరేణి సహాయక దళములోని ఇరువురు కొట్టుకొనిపోయి మరణించిరి. వారు నిపుణులు, సాహసవంతులు. కాని వారి నైపుణ్యము గనికొరకు నియమబద్ధమైనది: పొగనిండిన గ్యాలరీలో శ్వాసయంత్రము ధరించి నడచుట వేరు, వర్షాకాలపు వాగు సుడిలో త్రాడు పట్టి నిలుచుట వేరు. గనిలోపల వారిని కాపాడిన రిజిస్టరు వాగు ఒడ్డునకు రాదు. రాజకీయ నాయకులు వారి త్యాగమును కొనియాడిరి, కొనియాడదగినదే. అయితే దిగుమని చెప్పుటకు ముందు చూడవలసిన కొలతలేవి, చెప్పవలసినవారెవరు అని విచారించుట ఆ త్యాగమును చిన్నబుచ్చుట కాదు.

సడలింపును పూర్తిగా నిషేధింపవలెనను కార్మిక పక్షవాదము నాకు సమ్మతము కాదు. గూడెము మునుగుచుండగా ఎనిమిది గంటలు నిండినవని పడవను ఒడ్డునకు కట్టివేయుమను నియమమును మన్యములో ఎవడును పాటింపడు, పాటింపనివ్వరు కూడ. అట్లని, ఆపద పేరు చెప్పి సంవత్సరము పొడుగున నియమములను మూలబెట్టు అధికారమును సమర్థింపజాలము. గోదావరి వరద సంవత్సరము నిలువదు. కొన్ని దినములలో తీయును. కావున కోడ్‌కు అనుబంధ నియమములు రచించు వేళ తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వములు రెండును పాత గనుల చట్టములోని పద్ధతిని వరద, అగ్ని, అటవీ, ఆంబులెన్సు సేవలకు వర్తింపజేయవలెను: సడలింపు దినములలో నుండవలెను, ఆజ్ఞాపించిన అధికారి పేరు వ్రాతలో నుండవలెను, నది తీసిన పిమ్మట ఆ వ్రాత శాసనసభ ముందుంచబడవలెను. ఊరివారికొరకు మూడు హెచ్చరిక మట్టములు నిర్ణయించినట్లే, పడవ దింపరాని మట్టమొకటి నడుపువానికొరకును నిర్ణయింపవలెను.