కూలిపోయాక అచ్చయిన నగరం

మెక్సికో సిటీ చూడబోయే మిత్రులు నడిబొడ్డున ఉన్న పెద్ద చర్చి పక్కనే ఒక పాత గుడి శిథిలాలు చూస్తారు. అజ్టెక్‌ల రాజధాని టెనోచ్‌టిట్లాన్‌లోని ప్రధాన ఆలయం అది. ఒకప్పుడు అక్కడ పెద్ద సరస్సు, దాని మధ్యలో దీవిలా నగరం ఉండేవి. ఆ నగరం పటాన్ని యూరప్ ప్రజలు అచ్చులో మొదటిసారి చూసింది 1524లో, జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో. అప్పటికే నగరం నేలమట్టమైంది. 1521 ఆగస్టు 13న స్పానిష్ సేనాని కోర్టెస్, అతనితో చేతులు కలిపిన ట్లాక్స్‌కాలా తదితర స్థానిక సేనలు దాన్ని పట్టుకున్నాయి.

కోర్టెస్ 1520లో తన రాజుకు రాసిన లేఖ లాటిన్ అనువాదంతో పాటు వచ్చిందీ పటం. చెక్కమీద చెక్కి అచ్చువేసినది. గుండ్రటి నగరం, చుట్టూ నీళ్ళు, ఒడ్డుకు కలిపే కట్టదారులు, చపుల్‌టెపెక్ నుంచి మంచినీటి కాలువ, చక్రవర్తి మోక్టెజుమా తోటలు, జంతుశాల అన్నీ ఉన్నాయి. ఇళ్ళు మాత్రం అచ్చం జర్మన్ ఊరి ఇళ్ళే! నగరం నడుమ చతురస్రంలో జంట గుళ్ళు, కపాలాలు గుచ్చిన కర్రల వరుసలు, తలలేని ఒక విగ్రహం.

జంట గుళ్ళ మధ్య సూర్యుడి ముఖం ఒకటి ఉంది, గమనించండి. రాత్రీపగలూ సమానంగా ఉండే రోజుల్లో సూర్యుడు సరిగ్గా అక్కడినుంచే ఉదయించేవాడు. ఇలాంటి ఆనవాళ్ళను బట్టి, దీనికి మూలం స్థానికులు గీసిన పటమేనని చరిత్రకారిణి బార్బరా మండీ 1998లో వాదించారు. మోక్టెజుమా తనకు తీరప్రాంతం గీసిన గుడ్డ ఒకటి ఇచ్చాడని కోర్టెసే రాసుకున్నాడు కాబట్టి, ఈ వాదన నాకు సబబుగానే తోస్తుంది. ఓడిపోయినవాళ్ళ గీత గెలిచినవాళ్ళ కాగితం మీద మిగిలిందన్నమాట.

తర్వాత ఇటలీలో బొర్డోనె 1528లో తన దీవుల పుస్తకంలోనూ, రామూసియో 1556లోనూ ఇదే నమూనాను వాడుకున్నారు. 1572లో బ్రౌన్, హోగెన్‌బర్గ్‌ల నగరాల సంపుటిలో పెరూలోని కుస్కోతో కలిపి ఒకే పుటలో వేశారు. యాభై ఏళ్ళ క్రితమే పోయిన ఊరిని యూరప్ అలా చూస్తూనే ఉంది. ఆ మధ్యకాలంలో, సుమారు 1550లో, మెక్సికోలోనే స్థానిక చిత్రకారులు చేపలు పట్టేవాళ్ళు, మోతలు మోసేవాళ్ళతో సహా కొత్త నగరాన్ని తోలు మీద చిత్రించారు. ఇప్పుడది స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో ఉంది. అచ్చు కాలేదు గనుక దాన్ని చూసినవాళ్ళు తక్కువ.

1978లో కరెంటు కంపెనీ పనివాళ్ళు గొయ్యి తవ్వుతుంటే ఒక భారీ శిల్పం దొరికి, ప్రధాన ఆలయం తవ్వకాలకు దారి తీసింది. 2015లో చర్చి వెనుక కపాలాల కట్టడం కూడా బయటపడింది. అమెరికాలో ఉన్నవారికి ఒక మాట: రంగులద్దిన న్యూరెంబర్గ్ పటం ప్రతి ఒకటి చికాగోలోని న్యూబెర్రీ లైబ్రరీలో ఉంది.