కారు పాలిష్: మెరుపు వెనుక తరిగే పూత

ఆధునిక కార్లలో లోహంపై తుప్పు నిరోధక పూత, ప్రైమర్, రంగు, ఆపైన పారదర్శకమైన ‘క్లియర్ కోట్’ వరుసగా ఉంటాయి. మెరుపునిచ్చేదీ, ఎండ నుంచి రంగును కాపాడేదీ ఈ పైపూతే. దీని మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు మాత్రమే. తల వెంట్రుక సాధారణంగా దీనికన్నా మందంగా ఉంటుంది.

పాలిష్ గీతలను పూడ్చదు. వాటి చుట్టూ ఉన్న పూతను సూక్ష్మంగా అరగదీసి చదును చేస్తుంది. అందువల్ల పాలిష్ చేసిన ప్రతిసారీ క్లియర్ కోట్ కొంత తరుగుతుంది. మరీ పలుచబడితే రంగు వెలిసి, పూత పెచ్చులుగా లేస్తుంది. అప్పుడు మళ్లీ పెయింట్ వేయించడమే మార్గం.

ఇంటివద్ద ఈ పనిని నీడలో, కారు చల్లబడిన తర్వాతే చేపట్టాలి. ముందుగా నీటిధారతో ఇసుక, దుమ్ము తొలగించి, కార్ షాంపూతో కడగాలి. షాంపూ నీటికి ఒక బకెట్, గుడ్డ జాడించేందుకు మరొకటి ఉండాలి. మైక్రోఫైబర్ గుడ్డతో తడి ఆర్పాక, తక్కువ గరుకుదనం గల పాలిష్‌ను చిన్న భాగంలో పరీక్షించాలి. అంచుల వద్ద గట్టిగా రుద్దరాదు. గోరుకు తగిలే లోతైన గీత పాలిష్‌తో పోదు. మ్యాట్ రంగు కార్లకు పాలిష్ పనికిరాదు.

చివరగా పూసే వ్యాక్స్ పూతను అరగదీయదు. దానిపై రక్షణ పొరగా నిలుస్తుంది.

దుమ్ము పట్టిన కారును రోజూ పొడి గుడ్డతో తుడవడమే సన్నని గీతలకు ప్రధాన కారణాలలో ఒకటి. ఆ అలవాటు మానితే పాలిష్ అవసరమే తగ్గుతుంది.