కేంబ్రిడ్జ్ అనలిటికా వివాదం

కేంబ్రిడ్జ్ అనలిటికా వివాదం అనేది కోట్లమంది ఫేస్‌బుక్ వినియోగదారుల వ్యక్తిగత సమాచారం వారికి తెలియకుండానే కేంబ్రిడ్జ్ అనలిటికా అనే రాజకీయ ప్రచార సలహా సంస్థకు చేరిన ఉదంతం. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు అలెగ్జాండర్ కోగన్ 2013లో వ్యక్తిత్వ పరీక్ష పేరిట రూపొందించిన యాప్‌ను వాడినవారు సుమారు 3 లక్షల మందే అయినా, దాని పేరైనా వినని వారి మిత్రుల ఊరు, పుట్టినరోజు, లైక్ చేసిన పేజీల వివరాలు కూడా అందులోకి చేరాయి. అప్పటి ఫేస్‌బుక్ నియమాలే అందుకు వీలు కల్పించడం ఇందులోని మూలలోపం. భారత్‌లో యాప్‌ను 335 మంది పెట్టుకోగా, 5,62,455 మంది సమాచారం బయటికి పోయి ఉండవచ్చని, ప్రపంచవ్యాప్తంగా ఈ సంఖ్య 8.7 కోట్ల వరకు ఉండవచ్చని ఫేస్‌బుక్ అంచనా వేసింది.

ఈ సమాచారం కోగన్ నుంచి ఆ సంస్థకు చేతులు మారిన సంగతి 2015లోనే తెలిసినా, దానిని తుడిచివేశామన్న హామీపత్రాలతో ఫేస్‌బుక్ సరిపెట్టుకోవడం సామాజిక మాధ్యమ వేదికల విశ్వసనీయతను మరింత దెబ్బతీసింది. ఆ సంస్థ మాజీ ఉద్యోగి క్రిస్టఫర్ వైలీ వెల్లడించిన వివరాలు 2018 మార్చిలో పత్రికల్లో రాగా, మే నెలలో కేంబ్రిడ్జ్ అనలిటికా మూతపడింది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2019 జూలైలో ఫేస్‌బుక్‌కు 500 కోట్ల డాలర్ల జరిమానా విధించింది. భారత్‌లో సీబీఐ 2021 జనవరిలో ఈ ఉదంతంపై కేసు నమోదు చేయగా, డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది.