కృష్ణా మెట్టలో జామాయిల్ సాగు

జామాయిల్ (యూకలిప్టస్, నీలగిరి) ఆస్ట్రేలియా నుంచి వచ్చిన, త్వరగా ఎదిగే చెట్టు. ఉదకమండలం లాంటి చల్లని కొండల్లో దీన్ని మొదట పొయ్యి కట్టెల కోసమే పెద్దఎత్తున పెంచారు. కృష్ణా మెట్టలోని జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల రైతు మాత్రం కాగితం మిల్లుకు కర్ర అమ్ముకోవడానికి నాటుతాడు. ఇక్కడ వంటచెరకు ఆ సాగులో మిగిలే ఉప ఉత్పత్తి.

ప్రాంతం

ఈ మెట్టలోని ఊళ్ళలో ఒకటైన గరికపాడు జగ్గయ్యపేట మండలంలో, విజయవాడ-హైదరాబాద్ జాతీయ రహదారిపై తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని, పాలేరు నది పక్కన ఉంది. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన కృషి విజ్ఞాన కేంద్రం ఈ ఊళ్ళోనే ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో ఈ ప్రాంతం కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. పత్తి, మిరప ఇక్కడి ప్రధాన మెట్ట పంటలు. కర్ర తోటల్లో సుబాబుల్‌దే పైచేయి. దానికి కారణం నేల. సుబాబుల్ సున్నం ఉన్న నల్లరేగడిని ఓర్చుకుంటుంది. జామాయిల్‌కు నీరు నిలవని ఎర్ర నేలలు నప్పుతాయి. సున్నం ఎక్కువైతే దాని లేత ఆకులు పసుపుబారి ఎదుగుదల కుంటుపడుతుంది.

కొండల నుంచి మైదానానికి

1790 ప్రాంతంలో టిప్పు సుల్తాన్ బెంగళూరు దగ్గరి నంది కొండల తోటలో యూకలిప్టస్ నాటించినట్టు ప్రతీతి. నీలగిరి కొండల్లోకి ఈ చెట్టు 1843లో వచ్చింది. అక్కడి సహజమైన షోలా అడవులు పొయ్యిలకు కరిగిపోతుండడంతో 1856 నుంచి ఉదకమండలం కట్టెల అవసరం తీర్చడానికి క్రమపద్ధతిలో తోటలు వేశారు. అవి బ్లూ గమ్ జాతివి. తలనొప్పికీ జలుబుకూ వాడే నీలగిరి తైలం ఆ ఆకుల నుంచి తీసేదే.

తెలుగు నేలపై చల్లని చోట పెరిగిన యూకలిప్టస్‌కు హార్స్‌లీ కొండలు మంచి ఉదాహరణ. మదనపల్లె దగ్గర 1,200 మీటర్లకు పైబడిన ఆ కొండపై ‘కల్యాణి’ అని పేరున్న చెట్టును 1859లో నాటినట్టు చెబుతారు. దానికి 1995లో మహావృక్ష పురస్కారం దక్కింది.

మైదాన ప్రాంతాల్లో ఈ చెట్టు వ్యాపించింది ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో. 1975లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ అటవీ అభివృద్ధి సంస్థ విస్తారంగా తోటలు వేసింది. 1980లలో సామాజిక అటవీ పథకాలు ఊళ్ళకు వంటచెరకు, కలప అందించే ఉద్దేశంతో మొక్కలు పంచాయి. రాజమహేంద్రవరం, భద్రాచలం దగ్గరి సారపాక కాగితం మిల్లులు కర్ర కొనడంతో రైతు లెక్క మారింది. కట్టెగా కాలే చెట్టు కంటే గుజ్జుగా మారే చెట్టుకే ధర ఎక్కువ.

వాతావరణం, జాతులు

యూకలిప్టస్‌లో ఏడు వందలకు పైగా జాతులున్నాయి. ఏది ఎక్కడ పెరగాలో నిర్ణయించేది ప్రధానంగా ఉష్ణోగ్రత, నీరు. టాస్మేనియా మిట్ట ప్రాంతాలకు చెందిన సైడర్ గమ్ మైనస్ 10 డిగ్రీల కిందికి దిగే చలిని కూడా తట్టుకోగలదు. అందుకే బ్రిటన్‌లో కట్టెల కోసం యూకలిప్టస్ పెంచేవారు దాన్ని ఎంచుకుంటారు. బ్లూ గమ్ కొద్దిపాటి మంచుకు ఓర్చుకుంటుంది గానీ మెట్ట ప్రాంతపు మే నెల ఎండకు తాళలేదు.

కృష్ణా మెట్టలో మంచు గడ్డకట్టే సమస్యే లేదు. వేసవిలో ఎండ 44 డిగ్రీలు దాటుతుంది, వాన ప్రధానంగా నైరుతి రుతుపవనాలదే. ఇక్కడ చెట్టుకు గండం చలి కాదు, జనవరి నుంచి జూన్ దాకా సాగే పొడి కాలం. అందువల్ల మైదానాల్లో టెరెటికార్నిస్, కమాల్డులెన్సిస్ జాతులనూ వాటి సంకరాలనూ పెంచుతారు.

క్లోన్ మొక్కలు

గింజతో పెంచిన తోటలో ఒక చెట్టు లావెక్కితే పక్కది సన్నగా మిగిలిపోయేది. సారపాక మిల్లును నడిపిన భద్రాచలం పేపర్‌బోర్డ్స్ సంస్థ 1989లో క్లోన్ల పరిశోధన మొదలుపెట్టి ఈ తేడాను చాలావరకు తొలగించింది. మేలైన చెట్టును నరికి, మోడు నుంచి వచ్చిన లేత పిలకలను రెండు ఆకులుండే చిన్న ముక్కలుగా కత్తిరిస్తారు. తేమ ఆవిరైపోకుండా ఒక్కో ఆకును సగానికి తుంచుతారు. ముక్క అడుగును వేరు పుట్టించే హార్మోన్ పొడిలో అద్ది, వర్మిక్యులైట్ అనే తేలికపాటి ఖనిజం నింపిన గొట్టంలో గుచ్చి, సన్నటి నీటి తుంపర పడే గదిలో ఉంచుతారు. వేరు పట్టాక నీడలో, ఆపైన ఎండలో రాటుదేల్చి రైతుకు ఇస్తారు. ఈ మొక్కలన్నీ తల్లి చెట్టు పోలికే.

గింజ తోటలు హెక్టారుకు ఏడాదికి 6 నుంచి 10 ఘనపు మీటర్ల కర్ర ఇచ్చే చోట క్లోన్ తోటలు సగటున 20 నుంచి 25 ఘనపు మీటర్లు ఇచ్చాయి. రైతులు వీటిని 3, 7, 10, 413 లాంటి నంబర్లతోనే అడుగుతారు.

సాగు

వేసవిలో లోతుగా దున్ని, వానలు నిలదొక్కుకున్నాక జూలై, ఆగస్టుల్లో నాటుతారు. 3×2 మీటర్ల దూరంలో ఎకరానికి సుమారు 670, 3×1.5 మీటర్లలో సుమారు 900 మొక్కలు పడతాయి. మొదటి ఏడాది కలుపు లేకుండా చూడడం ముఖ్యం. చిన్న మొక్క గడ్డితో పోటీ పడలేదు. ఆ ఏడాది సాళ్ళ మధ్య పెసర, మినుము వేసుకునే వీలుంది. నీడ కమ్మాక అంతర పంటకు చోటుండదు.

సాధారణంగా నాలుగో ఏడు దాటాక మొదటి కటింగ్ చేస్తారు. నేలకు దాదాపు జానెడు ఎత్తులోపే, బెరడు చీలకుండా, నీరు జారిపోయేలా ఏటవాలుగా కోయాలి. బెరడు ఊడితే మోడు ఎండిపోతుంది. బాగున్న మోడు గుబురుగా పిలకలు వేస్తుంది; వాటిలో బలమైన ఒకటి రెండు ఉంచి మిగతావి తీసేస్తారు. ఇలా ఒకసారి నాటిన తోట మూడు కటింగుల దాకా ఇస్తుంది. ఆపైన మోళ్ళు నీరసిస్తాయి, పొక్లెయిన్‌తో పెకలించాల్సిందే.

కర్ర, కట్టె

నరికిన చెట్టు పొలంలోనే రెండుగా విడిపోతుంది. మిల్లు కోరే లావున్న మాను బెరడు ఒలిపించుకుని, లారీకెక్కి, కాటా వేయించుకుని పోతుంది. తల, కొమ్మలు, వంకర ముక్కలు, చివరి కటింగ్ తర్వాత వచ్చే మొద్దులు వంటచెరకవుతాయి. ఇవి ఇటుక బట్టీలకు, హోటళ్ళకు, పెళ్ళి వంటల గాడిపొయ్యిలకు చేరతాయి. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల పథకం గ్యాస్ కనెక్షన్లు పంచాక ఇళ్ళలో కట్టెల వాడకం తగ్గింది.

బాగా ఎండిన జామాయిల్ కట్టె కిలోకు సుమారు 4,500 కిలోకాలరీల వేడినిస్తుంది. పచ్చి కర్ర బరువులో దాదాపు సగం నీరే కనుక వెంటనే పొయ్యిలో పెడితే పొగే మిగులుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు గొడ్డలికి తేలిగ్గా చీలుతుంది. ఎండాక పోగు మెలితిరిగి గట్టిపడుతుంది. అందుకే ముందు చీల్చి, ఆ తర్వాత ఎండలో పేరుస్తారు.

చీడ, నీటి వివాదం

2001లో కర్ణాటకలో బయటపడిన గాల్ కందిరీగ దక్షిణాదిన నర్సరీలనూ లేత తోటలనూ బాగా దెబ్బతీసింది. ఒకటి రెండు మిల్లీమీటర్ల ఈ పురుగు ఆకు ఈనెలో, కాడలో గుడ్లు పెడితే అక్కడ బుడిపెలు లేస్తాయి, కొన ముడుచుకుపోతుంది. తట్టుకోగల క్లోన్లను ఎంచుకోవడం, ఆ కందిరీగపై బతికే పరాన్నజీవులను వదలడం ప్రధాన నివారణ మార్గాలు.

జామాయిల్ భూగర్భ జలాన్ని తోడేస్తుందన్న ఆరోపణ పాతదే. కర్ణాటకలో జరిగిన పరిశోధనలు రెండు రకాల ఫలితాలిచ్చాయి. నిస్సార నేలల్లో దాని నీటి వాడకం అక్కడి సహజ అడవిని పోలి ఉంది. లోతైన నేలల్లో మాత్రం వేళ్ళు ఏటేటా కిందికి దిగి, ఆ ఏడు కురిసిన వానకు మించి నీరు లాగాయి. కర్ణాటక ప్రభుత్వం 2017లో కొత్త తోటలను నిషేధించింది.

కట్టెల కోసమే అయితే

వంటచెరకే గురి అయితే మొక్కలు దగ్గరగా నాటి, రెండు మూడేళ్ళకే కోయవచ్చు. సన్నని పుల్ల చీల్చే పని లేకుండా త్వరగా ఎండుతుంది. కానీ అదే తోటను మరో రెండేళ్ళు ఆపితే మిల్లుకు పోయే లావు వస్తుంది, టన్నుకు ధర పెరుగుతుంది. కృష్ణా మెట్టలో కట్టెల కోసమే జామాయిల్ తోట వేసే రైతు అరుదుగా కనిపించడానికి కారణం ఇదే.